మనామాలో పన్నెండో కుర్చీ

బహ్రెయిన్ నుంచి తిరిగొచ్చాక మా బడిలో తోటి పంతులమ్మలంతా మొదట అడిగింది బంగారం గురించి. తర్వాత ఎండ గురించి. అక్కడ పూజ ఎలా జరుగుతుందని ఒక్కరూ అడగలేదు. అడిగినా సూటిగా చెప్పగలిగేదాన్ని కాదు. అన్ని రోజులు అక్కడుండి వచ్చినా నాకు సగం సంగతులు ఇప్పటికీ బోధపడలేదు. తెలిసినంత వరకు రాస్తున్నాను. తెలియనిది కూడా రాస్తున్నాను, మీలో ఎవరికైనా అంతుబడితే నాకు చెప్పండి, పుణ్యముంటుంది.

మాది గుంటూరు జిల్లాలో ఒక కథోలిక ఊరు. నా పేరు శౌరమ్మ. మిషను బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతాను. నా తమ్ముడు చిన్నప్ప బహ్రెయిన్‌లో ఏసీ మెకానిక్కు. వాడి భార్య లూర్దు అక్కడే ఒక క్లినిక్‌లో నర్సు. ఇద్దరూ కలిసి నాకు విజిట్ వీసా తీసి, ఈస్టరు ముందు నలభై రోజుల తపస్కాలం నడుమలో టిక్కెట్టు పంపారు. కువైట్ యుద్ధం ముగిసి అప్పటికి కొన్నేళ్ళయింది. అయినా మా వీధివాళ్ళు "బాంబులేస్తారేమోనమ్మా" అని నన్ను బెదరగొట్టి మరీ సాగనంపారు. బాంబులేం పడలేదు. నాకు మతిపోయింది వేరే సంగతులకు.

శుక్రవారం నాటి ఆదివారం

నేను దిగింది గురువారం. మర్నాడు పొద్దున్నే లూర్దు తట్టి లేపింది. "వదినా, లేవండి. ఆదివారం పూజకు వేళైంది."

"ఇవాళ శుక్రవారం కదే?"

"శుక్రవారమే. ఇక్కడ శుక్రవారమే ఆదివారం."

అక్కడ సెలవు శుక్రవారం. ఆదివారం నాడు అందరూ డ్యూటీల్లో ఉంటారు. అందుకని ఆదివారపు పూజను శుక్రవారమే చేసుకుంటారట, దానికి పైనుంచి అనుమతి కూడా ఉందట. సరే, బాగానే ఉంది. మరి తపస్కాలంలో శుక్రవారం మాంసం ముట్టకూడదు, ఆదివారమైతే ముట్టొచ్చు. రెండూ ఒకే రోజున వచ్చి పడితే ఏం చెయ్యాలి? లూర్దును అడిగితే "మా ఇంట్లో బుధవారం ఒక్కపొద్దుంటున్నాం వదినా" అంది.

"ఏం, ఏసుప్రభువు మీ కోసం బుధవారం చనిపోయాడా?" అన్నాను.

ఆ పిల్ల పకపకా నవ్వింది. ఆ రోజు వాళ్ళిద్దరూ చేపల పులుసు తిన్నారు. నేను పప్పు, ఖుబూస్ తిన్నాను. ఖుబూస్ అంటే అక్కడి రొట్టె. వంద ఫిల్సులిస్తే పొయ్యి మీంచి తీసిన వేడి రొట్టెలు ఒక కట్ట వస్తాయి. మన లెక్కలో తొమ్మిది పది రూపాయలు. ఆ డబ్బుకు టమాటాలు మాత్రం నాలుగు కూడా రావు, అందుకే లూర్దు చారులో టమాటాను చూపించి తీసేసినట్టుగా వేసేది.

మనామాలో చర్చి పెద్దదే, అయినా జనానికి చాలదు. ఒక పూజ ముగిసేసరికి ఇంకో భాష వాళ్ళు గేటు దగ్గర కాచుకుని ఉంటారు. కొంకణి వాళ్ళు, మలయాళీలు, తమిళులు, ఫిలిప్పీన్స్ వాళ్ళు. అరబ్బీలో కూడా ఒక పూజ ఉంది. మేము కాస్త ముందే వెళ్ళడంతో అది నా చెవిన పడింది. ఫాదర్ నోట 'అల్లా' అన్న మాట వినపడేసరికి దారి తప్పి ఎక్కడికో వచ్చామనుకుని, గుమ్మం దాటి బయటికి పోయి, పైన సిలువ ఉందో లేదో చూసుకుని వచ్చాను. ఉంది. అరబ్బీ క్రైస్తవులు దేవుణ్ణి అలాగే పిలుస్తారని లూర్దు చెప్పింది.

తెలుగువాళ్ళకు వేరే పూజ లేదు. ఇంగ్లీషు పూజకు వెళ్ళాలి. మా ఊళ్ళో గుడిలో చాపల మీద కూర్చుంటాం. ఎడమవైపు ఆడవాళ్ళు, కుడివైపు మగవాళ్ళు. ముందు ఊరివాళ్ళు, వెనక ఊరి బయట ఉండే మా పల్లెవాళ్ళు. ఇది ఎక్కడా రాసిపెట్టలేదు గాని పాకే పిల్లకు కూడా తెలుసు. ఇక్కడేమో అందరికీ బెంచీలే, కాళ్ళకు చెప్పులతోనే. నేను పోయి ఆఖరి బెంచీ చివర కూర్చున్నాను. ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి వచ్చి, ముందు ఖాళీ ఉందని చెయ్యి పట్టుకు లాక్కెళ్ళి, రెండో వరసలో ఒక గోవా పెద్దమనిషి పక్కన కూలేసింది. మగాడి పక్కన! పూజ మధ్యలో శాంతి చెప్పుకునే వేళ ఆయన నా వైపు చెయ్యి చాచాడు. నేను నమస్కారం పెట్టాను. ఆయన ఏమనుకున్నాడో, జోడించిన నా రెండు చేతుల్నీ కలిపి పట్టుకుని ఊపేశాడు.

ఇంగ్లీషు నాకు రాదని కాదు, ఆ వేగం అందదు. అందుకని ముందు వరసలో నీలం గౌను ఆవిడను గుర్తు పెట్టుకున్నాను. ఆవిడ లేస్తే లేవడం, మోకరిస్తే మోకరించడం. ఒకసారి ఆవిడ చప్పున లేచింది, నేనూ లేచాను. తీరా చూస్తే ఆవిడ ఏడుస్తున్న పిల్లనెత్తుకుని బయటికి పోతోంది. ఇంతలో నన్ను చూసి నా వెనక ముగ్గురు శ్రీలంక ఆడవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. నలుగురం ఒకరి మొహాలొకరం చూసుకుని కూర్చున్నాం. అక్కడ సగం మంది నాలాగే పక్కవాళ్ళను చూసి పూజ చేసుకుంటున్నారని అప్పుడు తెలిసింది.

నువైద్రాత్: మంచాల మధ్య సిలువ మార్గం

మరుసటి శుక్రవారం సాయంత్రం నువైద్రాత్‌లో ఒక లేబర్ క్యాంపులో సిలువ మార్గం, అంటే ప్రభువు సిలువ మోసిన దారిని తలుచుకునే ప్రార్థన, ఉందన్నారు. మమ్మల్ని వ్యానులో తీసుకెళ్ళింది ఖాదర్ భాయ్, కరీంనగర్ వైపు మనిషి. ఆ రోజుల్లో ఆ పల్లెల వైపు ఏవో గొడవలు జరుగుతుండేవి, దారిలో పోలీసులు ఆపి కాయితాలు చూశారు. మళ్ళీ బయల్దేరాక ఖాదర్ భాయ్ నన్ను అడిగాడు.

"ఏందమ్మా, మీరు గూడ శుక్రారమే చేస్తున్నరా? మీది అయితారం గదా?"

"అదే నాకూ తెలియట్లేదు బాబూ" అన్నాను.

"మా దాంట్ల అయితే వరుసల నిలవడ్డప్పుడు భుజానికి భుజం తాకాలె. షేక్ అయినా గంతే, డ్రైవర్ అయినా గంతే."

"మరి బయటికి వచ్చాక?"

"బయటికొచ్చినంక కఫీల్ కఫీలే, నేను నేనే" అని నవ్వేశాడు. కఫీల్ అంటే పని ఇచ్చిన యజమాని. అతని నవ్వులో కష్టముందో, మామూలు నవ్వేనో నాకు తెలియలేదు.

క్యాంపులో ఒక పొడుగాటి గది. రెండు వైపులా ఇనుప మంచాలు, మంచం మీద మంచం. సిలువ మార్గపు పద్నాలుగు బొమ్మలను ఆ మంచాల కోళ్ళకు అంటించారు. మా చిన్నప్ప పాట ఎత్తుకుంటే అందరూ అందుకుంటూ మంచానికీ మంచానికీ మధ్య మోకరిస్తూ ముందుకు కదిలారు. వాడి గొంతు మా నాన్నది, గది నిండిపోయింది. మూడో స్థలం దగ్గర, ప్రభువు మొదటిసారి పడిన చోట, పై మంచంలో ఒకతను రాత్రి డ్యూటీ చేసి వచ్చి గురకపెట్టి నిద్రపోతున్నాడు. మేమంతా గొంతు తగ్గించి ఆ స్థలం దాటాం. ఆ గదిలోనే ఉండే రాజన్న అని నిజామాబాద్ వైపు మనిషి, హిందువు, కొవ్వొత్తి పట్టుకుని చివరిదాకా మాతో నడిచాడు. "పాట మంచిగున్నదమ్మా, గని గింత బాధగెందుకు పాడుతున్నరు?" అన్నాడు. బాధ పడాల్సిన కాలం కాబట్టి అన్నాను. అతనికి అది సమాధానంలా అనిపించలేదు, నాకూ అనిపించలేదు.

అయిపోయాక పాలు లేని టీ ఇచ్చారు. అప్పుడు చూశాను ఇన్నారెడ్డిని. మా ఊరి పెద్ద మర్రెడ్డిగారి రెండో కొడుకు. ఏదో కంపెనీలో అకౌంట్లు చూస్తాడు, అక్కడి తెలుగు కథోలికుల సంఘానికి పెద్ద. మా పల్లె కుర్రాళ్ళిద్దరి మధ్య కింద మంచం మీద ఇరుక్కుని కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. "టీచరుగారూ, కూర్చోండి" అని పక్కకు జరిగాడు. నాకు కూర్చోవడానికి ఒళ్ళు ఒప్పలేదు. నడుం నొప్పని అబద్ధం చెప్పి నిలబడే తాగాను.

అతను అందరికీ చెప్పిన సంగతి ఇది. ప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగినందుకు గుర్తుగా పవిత్ర గురువారం నాడు ఫాదర్ పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు కదా. ఆ చర్చిలో ఒక్కో భాష వాళ్ళకు ఒక్కో కుర్చీ ఇస్తారట. ఈ ఏడు మొదటిసారి తెలుగువాళ్ళకు ఒకటి దక్కింది, పన్నెండోది. "ఎవర్ని కూర్చోబెడదాం?" అన్నాడు. "ఇంకెవర్నీ, చిన్నప్పన్ననే" అన్నారు కుర్రాళ్ళంతా ఒక్కసారే.

చిన్నప్ప గ్లాసు కింద పెట్టాడు. "నా వల్ల కాదు భాయ్" అని లేచి బయటికి పోయాడు.

ఆ ఊరి సంగతి

వాడెందుకు పోయాడో చెప్పాలంటే మా ఊరికి వెళ్ళాలి.

మా గుడిలో కాళ్ళు కడిగించుకునే పన్నెండు మందీ ఎప్పుడూ ఊరివాళ్ళే. ఒక ఏడు కొత్తగా కుర్ర ఫాదర్ వచ్చాడు. ఊరివాళ్ళు ఆరుగురు, పల్లెవాళ్ళు ఆరుగురు అన్నాడు. పెద్దలు ఆయన ముందు తలలూపారు. మా ఆరుగురిలో చిన్నప్ప ఒకడు. కొత్తగా పెళ్ళయిన రోజులు. తలంటు పోసుకుని, కాళ్ళు పీచుతో తోముకుని, ఉతికిన పంచె కట్టుకుని గుడికి పోయాడు. పోతే కుర్చీలు లేవు. అవి మర్రెడ్డిగారి ఇంటివి, ఏటా అక్కడినుంచే వచ్చేవి. ఆ సాయంత్రం ఆయన మనుషుల్ని పంపి అన్నిటినీ తిరిగి మోయించుకుపోయాడు. ఆరుగురూ పీఠం ముందు కడుక్కున్న కాళ్ళతో నిలబడ్డారు, గుడి నిండా జనం చూస్తుండగా. కాసేపు నిలబడి వెనక్కొచ్చి కూర్చున్నారు. ఆ ఏడు ఎవరి కాళ్ళూ కడగలేదు. ఆ తర్వాత మా ఊళ్ళో ఆ ఆచారాన్నే ఎత్తేశారు.

చిన్నప్ప ఆ మరుసటి ఏడే బహ్రెయిన్ పోయాడు.

చేపల పులుసు

ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల పండుగ, దాని ముందు బుధవారం ఇన్నారెడ్డి మా వాళ్ళ ఇంటికి వచ్చాడు. గుదైబియాలో పాత మేడ, రెండు గదులు. లూర్దు హమూర్ చేపతో పులుసు పెట్టింది. నేను ఊరినుంచి తీసుకెళ్ళిన గోంగూర పచ్చడి తీశాను. తీశాను గాని అతని ముందు కంచం పెట్టాలంటే చెయ్యి ఆడలేదు. మర్రెడ్డిగారి ఇంట్లో మా నాన్నకు మజ్జిగ పోస్తే దోసిట్లోకే పోసేవారు. ఆయన కొడుకేమో బాసింపట్టు వేసుకుని కూర్చుని, "టీచరుగారూ, ఇంకాస్త పచ్చడి" అంటున్నాడు. వడ్డించాను. నేను చేసింది మర్యాదో, భయమో ఇప్పటికీ చెప్పలేను. బుధవారం ఒక్కపొద్దు సంగతి ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు.

తిన్నాక అతను గొంతు సవరించుకున్నాడు. "చిన్నప్పన్నా, ఆ రోజు కుర్చీలు మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇంటర్ చదువుతున్నా. నాన్న మొయ్యమన్నాడు, మోశాను."

"తెలుసు భాయ్. నెత్తి మీద రెండు పెట్టుకుపోతున్నావు. గుడి గోడ పక్కనుంచి వస్తూ చూశా, ఎందుకో అప్పుడు తెలియలేదు."

ఆ ఇంట్లో ఏసీ మోత ఎంత ఎక్కువో నాకు అప్పుడే తెలిసింది.

"నువ్వు కూర్చోవాలన్నా" అన్నాడు ఇన్నారెడ్డి. "నువ్వు రాకపోతే ఇంకెవర్నీ కూర్చోబెట్టను. ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది."

"ఉండనీ" అన్నాడు చిన్నప్ప.

అతను వెళ్ళాక లూర్దు అందుకుంది. "ఏం మనిషివయ్యా నువ్వు! వచ్చి అడిగాడు. మన కంచంలో తిన్నాడు. ఇంకేం కావాలి నీకు, కాళ్ళ మీద పడాలా?"

"నన్నడక్కు" అన్నాడు వాడు.

అవాలి

నాకు ఊరు చూపిస్తానని చిన్నప్ప ఒకరోజు కంపెనీ బండిలో అవాలి తీసుకెళ్ళాడు. ఎడారి మధ్యలో చమురు కంపెనీ కట్టుకున్న ఊరది. చుట్టూ ఇసుక, రాళ్ళు, పైపులు. లోపలికి పోతే పచ్చగడ్డి, పూలమొక్కలు, వరసగా బంగళాలు. అంత పచ్చగడ్డిని మేపే గొడ్డు ఒక్కటీ లేదు. ఎవరి కోసం పెంచుతున్నారని అడిగితే చూడ్డానికేనన్నాడు. చూసే మనుషులు కూడా ఎక్కడా కనపడలేదు, అందరూ ఏసీ గదుల్లో ఉన్నారట.

వాడు ఒక బంగళా పైకెక్కి ఏసీ మిషను విప్పుతుంటే నేను నీడలో కూర్చుని అడిగాను. "ఒరే, అసలు నీకు కోపం ఎవరి మీద? ఇన్నారెడ్డి మీదా?"

"కాదక్కా. వాడు మంచోడే. ఇక్కడ మంచోడే."

"ఇక్కడ అంటే?"

"ఇక్కడ మేమంతా ఒకటే. ఒకే బస్సు, ఒకే క్యాంటీను, ఒకే తిట్లు. ఊళ్ళో దిగాక ఎట్టుంటాడో నాకు తెలియదు, వాడికీ తెలియదు." స్పానరు పక్కన పెట్టి నా వైపు చూశాడు. "మళ్ళీ కాళ్ళు తోముకుని పోయి నిలబడమంటావా? ఈసారి కుర్చీ ఉంటుందని నమ్మకమేంటి? లూర్దు చూస్తుంటది. నువ్వు చూస్తుంటావు. ఇంకోసారి అయితే నేనిక గుడి గడప తొక్కనక్కా. నా వల్ల కాదు."

అప్పుడు తెలిసింది నాకు, ఆ కుర్చీ సంగతి కాదు వాడిది. గుడే వాడికి ఉంటుందా పోతుందా అన్నది. చిన్నప్పటినుంచి పాటలు పాడుతూ పెరిగిన పిల్లాడు. వెళ్ళమంటే తప్పేమో, వద్దంటే తప్పేమో. వాడిచ్చిన ఖర్జూరాలు తింటూ కూర్చున్నాను.

పవిత్ర గురువారం

ఆ రోజు కూడా చిన్నప్పకు అవాలిలోనే డ్యూటీ. వస్తాడో రాడో చెప్పకుండానే పోయాడు. సాయంత్రం నేనూ లూర్దూ చర్చికి పోయి ముందు వరసలో కూర్చున్నాం. ఈసారి నేనే ముందుకు పోయాను, చూడాలి కాబట్టి.

పీఠం కింద పన్నెండు కుర్చీలు వేశారు. పదకొండు నిండాయి. ఒక గోవా ముసలాయన, మలయాళీ ఇంజనీరు, తమిళ వంటవాడు, సన్నగా పొడుగ్గా ఒక తెల్లదొర, లెబనాన్ ఆయన, ఇంకా ఎవరెవరో. అందరూ ఇస్త్రీ బట్టల్లో ఉన్నారు, అత్తరు వాసన మా దాకా వస్తోంది. పన్నెండోది ఖాళీ. ఫాదర్ పక్కన భుజాన తెల్ల తువ్వాలు వేసుకుని, చేతిలో చెంబుతో నిలబడింది ఎవరనుకున్నారు? ఇన్నారెడ్డి. ఈ ఏడు ఆ సాయం తెలుగువాళ్ళ వంతట. ఇది లూర్దుకూ తెలియదు. అతను కావాలనే దాచాడో, చెప్పడానికి నోరు రాలేదో!

వాక్యాలు చదివారు. ఫాదర్ ప్రసంగం చేశారు. ఆయనది ఏ దేశమో నాకు చివరిదాకా అంతుబట్టలేదు, అన్ని భాషలూ ఒకే యాసలో మాట్లాడతారు. లూర్దు మాటిమాటికీ గుమ్మం వైపే చూస్తోంది. ఫాదర్ పైవస్త్రం తీసి మొదటి కుర్చీ ముందు మోకరించారు.

మూడో నాలుగో మనిషి దగ్గరుండగా లూర్దు నా మోచెయ్యి గిల్లింది. చిన్నప్ప గుమ్మంలో ఉన్నాడు. డ్యూటీ బట్టల్లోనే. నీలం చొక్కాకు నూనె మరకలు, బూట్ల నిండా అవాలి దుమ్ము. పక్క దారిలో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. కుర్చీ దగ్గర ఆగి, దాని వీపు పట్టుకుని ఒకసారి కదిపి చూశాడు, నిజంగా ఉందో లేదో అన్నట్టు. కూర్చుని బూటు విప్పుకున్నాడు. మిగిలిన పదకొండు మందీ ఇంటి దగ్గరే కడుక్కుని వచ్చారు, మావాడి పాదం ఒక్కటే నిజంగా మురికి. "నా పరువు తీశాడు, ఒక్క నిమిషం కుళాయి దగ్గర ఆగొచ్చుగా" అని లూర్దు గొణుగుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఫాదర్‌కు మోకాళ్ళ నొప్పులు. తొమ్మిదో మనిషి దగ్గరే లేవలేక లేచారు. పన్నెండో కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆయన వల్ల కాలేదు. నిలబడే వంగి చెంబుతో నీళ్ళు పోసి, తుడవమని ఇన్నారెడ్డికి సైగ చేశారు. ఇన్నారెడ్డి తువ్వాలు తీసుకుని మా తమ్ముడి కాళ్ళ దగ్గర మోకరించాడు.

చిన్నప్ప చటుక్కున లేచి నిలబడ్డాడు.

ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు, మా ఊరివాళ్ళయితే. మర్రెడ్డిగారి ఇంటి మనిషి దగ్గరికొస్తే మేము కూర్చుని ఉండం. తల చెప్పేలోపే కాళ్ళు లేస్తాయి. తీరా చూసుకుంటే నేనూ లేచి నిలబడి ఉన్నాను. నా పక్కన లూర్దు లేచింది. మమ్మల్ని చూసి, లేవాల్సిన వేళ అయిందనుకుని మా వెనక వరస లేచింది, దాని వెనకది లేచింది. బెంచీల చప్పుడుతో గుడంతా లేచి నిలబడింది. మలయాళీలు, గోవా వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, అందరూ. ఫాదర్ చెంబు పట్టుకుని మా వైపు అయోమయంగా చూశారు. కూర్చున్నవాళ్ళు ఎవరయ్యా అంటే కుర్చీల్లో ఉన్న పదకొండు మంది. మోకాళ్ళ మీద ఉన్నది ఒక్కడు.

ఇన్నారెడ్డి లేవలేదు. తలెత్తి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. "కూర్చో అన్నా, నువ్వు కూర్చునేదాకా నేను లేవను అన్నాడక్కా" అని ఇంటికొచ్చాక చిన్నప్ప చెప్పాడు.

చిన్నప్ప ఒక చేత్తో కుర్చీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పోతాడనుకున్నాను. ప్రభువా, పోనియ్యకు అనుకున్నాను. వాడు మెల్లగా కూర్చున్నాడు. ఇన్నారెడ్డి ఆ పాదం తన తొడ మీద పెట్టుకుని వేళ్ళ సందులతో సహా తుడిచాడు. తెల్ల తువ్వాలు నల్లగా అయిపోయింది. నేను కూర్చున్నాను, గుడంతా కూర్చుంది.

గేటు బయట

పూజయ్యాక జనం గేటు దగ్గర గుంపులుగా నిలబడ్డారు. ఇన్నారెడ్డి నన్ను పక్కకు పిలిచాడు. మోకాళ్ళ దగ్గర ప్యాంటు తడిసి ఉంది. "టీచరుగారూ, ఒక్క మాట. ఊళ్ళో మాత్రం ఈ సంగతి చెప్పకండి. నాన్నకు తెలిస్తే నన్ను గుమ్మం ఎక్కనివ్వడు."

నా ఒళ్ళు మండింది. ఆ వెంటనే జాలేసింది. ఇంతసేపూ అంత మంది ముందు మోకరించినవాడు ఇప్పుడు చుట్టూ చూసుకుంటూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. ఏది నిజం, అదా ఇదా? బూటు లేసు కట్టుకుంటున్న చిన్నప్ప తలెత్తకుండానే అన్నాడు.

"చెప్పక్కా. అందరికీ చెప్పు."

"చిన్నప్పన్నా..."

"అప్పుడు అందరి ముందూ నిలబెట్టారు భాయ్. ఇప్పుడు అందరికీ తెలియాలిగా."

ఇన్నారెడ్డి కోపం వచ్చి వెళ్ళిపోతాడనుకున్నాను, పోలేదు. ఇద్దరూ కలిసి రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మలయాళీ హోటల్లో టీ తాగారు. డబ్బులు నేనంటే నేనని గుంజుకున్నారు. నేనూ లూర్దూ ఈవలి గట్టున నిలబడి చూస్తూ ఉండిపోయాం.

మర్నాడు ప్రభువు చనిపోయిన పెద్ద శుక్రవారం. ఏడాదంతా శుక్రవారం పూజ చేసేవాళ్ళకు ఆ ఒక్క శుక్రవారం పూజ లేదు, ఆ రోజు ఎక్కడా ఉండదు కదా. సిలువను ముద్దు పెట్టుకోవడానికి మాత్రం వరస గేటు దాటింది. అసలు పాస్కా, అంటే ఈస్టరు ఆదివారం నాడు అందరూ పొద్దున్నే డ్యూటీకి పోయారు. పండుగ రోజున నేనొక్కదాన్నే ఇంట్లో కూర్చుని మిగిలిన ఖుబూస్ టీలో ముంచుకుని తిన్నాను.

మళ్ళీ మా గుడి

ఊరికొచ్చిన మొదటి ఆదివారం, నిజం ఆదివారం, గుడికి పోయాను. దారి పొడుగునా ఇద్దరి మాటలూ బుర్రలో తిరిగాయి, చెప్పమన్నవాడిదీ చెప్పొద్దన్నవాడిదీ. ఒకడు నా తమ్ముడు. ఇంకొకడు నా తమ్ముడి కాలు తుడిచినవాడు. ఎవరి మాట నిలబెట్టాలో తేలకుండానే గుడి మెట్లు వచ్చాయి.

మెట్ల దగ్గర మర్రెడ్డిగారు నిలబడి ఉన్నారు. పెద్దవారైపోయారు, చూపు కూడా తగ్గినట్టుంది. "ఎవరూ, టీచరా? దుబాయి నుంచి వచ్చావంట గదా. మావాడు కనపడ్డాడా?"

"కనపడ్డాడండి."

"గుడికి పోతన్నాడా, లేక డబ్బు రంధిలో అన్నీ మానేశాడా?"

ఆ ముసలి మొహంలో నిజంగానే బెంగ ఉంది. లేకపోతే నేను తలూపి లోపలికి పోయేదాన్నేమో.

"పోతున్నాడండి. పవిత్ర గురువారం నాడు ఫాదర్ పక్కన నిలబడి సాయం చేశాడు. మా చిన్నప్ప కుర్చీలో కూర్చుంటే, మోకరించి వాడి కాలు తుడిచాడు."

ఆయన కదల్లేదు. గంట కొట్టారు. మా పక్కనుంచి జనం లోపలికి పోతున్నారు, ఊరివాళ్ళూ పల్లెవాళ్ళూ.

"అందరి ముందరా?" అన్నారు.

"అందరి ముందరేనండి" అన్నాను. పక్కనుంచి పోయేవాళ్ళకు కూడా వినపడేలాగే చెప్పాను.